ఒడ్డుకు పోయింది

భద్రాచలం,
12 జూన్ 2008.

శ్రీ పగిడయ్య గారికి,
విశ్రాంత గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), జూలూరుపాడు.

నమస్కారం. ఆరేళ్ళుగా మన మధ్య ఒక్క కార్డుముక్క నడవలేదు కనుక ఈ కవరు చూసి ఆశ్చర్యపోతారు. ఖమ్మం హాస్టల్లో ఒకే గదిలో మూడేళ్ళు ఉన్న సంగతి నేను మరచిపోలేదు. మరచిపోవడం నా గుణం కాదని మీకు తెలుసు.

పని ఉండి రాస్తున్నాను. మొన్న ఆదెమ్మ వచ్చింది. వెదుళ్లలంక ఆదెమ్మ. ఆమె కూతురు వనజ, ఏడేళ్ళ పిల్ల, 2002 ఫిబ్రవరిలో లంకలో కనిపించకుండా పోయింది. మీరు మూడు రోజులు వెతికించి, గోదావరిలో మునిగి చనిపోయిందని రిపోర్టు రాసి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు కొత్త రేషన్ కార్డులో పిల్ల పేరు లేదట. అడిగితే, ఆ పిల్ల చనిపోయినట్టు గిర్దావరు రిపోర్టు ఉందని మండలాఫీసులో చెప్పారట.

ఆదెమ్మ ఏడవలేదు. మా వసారాలో కూర్చుని, "నా బిడ్డ సచ్చిపోలేదు సారూ. కార్డుల పేరు పెట్టమని రాయుండ్రి. మీరు రాస్తే వాళ్లు ఇంటరు" అంది. ఆనాడు కలెక్టరుకు ఆమె అర్జీ రాసిపెట్టింది కూడా నేనే. అప్పుడు రేవు హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. నేను రాశాను, మీరు వెతికారు. ఎవరి పని ఎవరు సరిగా చేశారో లోకానికి తెలుసు.

ఆ ఫైలు ఆఫీసులో దొరకడం లేదంటున్నారు. మీ కాగితాలన్నీ నకళ్ళు తీసి ట్రంకు పెట్టెలో దాచుకునే అలవాటు మీకు హాస్టల్ రోజుల నుంచీ ఉంది. రిపోర్టు నకలు, దాంతోపాటు నా అర్జీ నకలు పంపండి. రిపోర్టు తప్పని నిరూపిస్తే గాని పిల్ల పేరు మళ్ళీ ఎక్కదు.

ఇంకొక సంగతి ముందుగా చెప్పడం మర్యాద. నేనొక పుస్తకం రాస్తున్నాను. నలుగురికి నాలుగు అధ్యాయాలు. నేను ఇచ్చిన పుస్తకాలను చెదలకు అప్పగించిన గ్రంథాలయ కమిటీ అధ్యక్షుడికి ఒకటి. నా వాక్యాలను దిద్దే సాహసం చేసిన పత్రికా సంపాదకుడికి ఒకటి. నన్ను సన్మానసభలో మూడో వరుసలో కూర్చోబెట్టిన ప్రధానోపాధ్యాయుడికి ఒకటి. నాలుగోది మీది. ‘గిర్దావరు వెతికిన విధము’ అని పేరు కూడా పెట్టాను.

భవదీయుడు,
వెంకటరామారావు.


జూలూరుపాడు,
25 జూన్ 2008.

వెంకటరామారావుకు,

నీ ఉత్తరం అందింది. ‘గారు’ చూసి మొదట వేరే పగిడయ్యకు వచ్చిందేమో అనుకున్నాను. మా గణేష్ చదివి, "నాయినా, ఈయన నిన్ను తిడుతుండా, పొగుడుతుండా?" అన్నాడు. మర్యాదగా తిడుతున్నాడని చెప్పాను.

ఇక్కడ తొలకరి పడింది. పత్తి గింజలు పెట్టాము. నాకు మోకాళ్ళ నొప్పులు. నడుం వంచి పని చేయలేను గాని గట్టు మీద నిలబడి అందరినీ విసిగిస్తాను.

ఆదెమ్మ బతికి ఉన్నందుకు సంతోషం. పిల్ల పేరు కార్డులో ఎక్కించడానికి నా రిపోర్టు తప్పని నేనే రాసి సంతకం పెట్టి ఇస్తాను. అది చాలు. పాత అర్జీతో పని లేదు. దాన్ని తవ్వకు.

పుస్తకం సంగతి నీ ఇష్టం. నా అధ్యాయంలో నా పొట్టిదనం గురించి రాయకు. మిగతాదంతా రాసుకో. నీ దగ్గర ఫోన్ లేదని తెలుసు. వాకిలి ఎదురు కొట్టువాడి నంబరైనా పంపితే ఈ ముచ్చట నోటితో మాట్లాడుకుందాం.

నీ,
పగిడయ్య.


భద్రాచలం,
9 జులై 2008.

పగిడయ్య గారికి,

ఫోనులో మాట్లాడిన మాట గాలికి పోతుంది. మీవంటి వారికి అది సౌకర్యం. నాకు కాగితం కావాలి.

‘దాన్ని తవ్వకు’ అన్నారు. నా అర్జీ ఏం పాపం చేసింది? ఆ మూడు రోజుల్లో తప్పు లేని కాగితం అదొక్కటే. కలెక్టరు గారు దాన్ని చదివి, ఇంత చక్కని తెలుగు ఈ మధ్య చూడలేదన్నారని ఆయన క్యాంపు క్లర్కు నాతో చెప్పాడు.

మీ అధ్యాయంలో కొంత భాగం వినండి. ‘గిర్దావరు మొదటిరోజు ఉదయం పది గంటలకు పడవ దిగెను. ఊరి ముందున్న తూర్పు పాయ వద్ద కుర్చీ వేయించుకొనెను. జాలరులు నాలుగు వలలతో పాయను దువ్విరి. రెండవ రోజు వలలు రెండు మైళ్ళు దిగువకు దిగెను. మూడవ రోజు అయిదు మైళ్ళు. కుర్చీ మాత్రము కదలలేదు.’ ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే చెప్పండి. నేను ఇవతలి రేవులో నిలబడి మూడు రోజులూ కళ్ళారా చూశాను.

నా ప్రశ్న ఒక్కటే. లంకకు రెండు వైపులా గోదావరి. మీరు తూర్పు పాయ తప్ప పడమటి పాయ ముఖం ఎందుకు చూడలేదు? ఆనాడు పత్రికకు రాసి ఇదే అడిగాను. దాని మీద మీకు మెమో వచ్చిందని, ప్రమోషన్ ఆగిందని విన్నాను. నేను విచారించలేదు. ఇప్పటికీ విచారించడం లేదు.

వెంకటరామారావు.


జూలూరుపాడు,
2 ఆగస్టు 2008.

వెంకటరామారావుకు,

రాయకూడదనుకున్నాను. కాని కుర్చీ మాట రాశావు కనుక రాస్తున్నాను. కుర్చీ నిజమే.

నువ్వు ఆ రేవులో పదహారేళ్ళు పని చేశావు గాని లంక మీద కాలు పెట్టలేదు. కాబట్టి చెబుతాను. వెదుళ్లలంక పొడుగు మైలు, అడ్డం మహా ఉంటే పావు మైలు. ఊరు తూర్పు అంచున ఉంటుంది. ఊరికీ పడమటి అంచుకూ మధ్య వెదురు పొద, మనిషి దూరలేనంత దట్టం. దాని పక్కనుంచి ఒక మేకల బాట ఉంది. ఊళ్ళో నిలబడితే పడమటి పాయ కనపడదు, వినపడదు. అటు గోదావరి ఉందన్న సంగతే తోచదు.

ఆనాడు నా చేతిలో ఉన్నది లంక నక్ష, రెవెన్యూ పటం. సెటిల్‌మెంటు కాలం నాటిది, నలభై ఏళ్ళది. అందులో పడమటి పాయే పెద్దది, తూర్పుది చిన్న గీత. ఏడేళ్ళ పిల్ల అంత పెద్ద పాయ వైపు పోదు, పోయినా దాటలేదు అనుకున్నాను. నక్ష మీద పెన్సిల్‌తో ‘పడమర వెతకనక్కర లేదు’ అని రాశాను. ఆ పెన్సిల్ గీత ఇప్పటికీ ఉంది.

నలభై ఏళ్ళలో గోదావరి పక్క మార్చుకున్నది. లోతంతా తూర్పుకు వచ్చింది. మాఘమాసంలో పడమటి పాయ అంటే అర మైలు ఇసుక, నడిమధ్య చీలమండ లోతు నీళ్ళు. మేకలు తడవకుండా దాటుతాయి. ఆ సంగతి లంకలో ప్రతి పిల్లకూ తెలుసు. గవర్నమెంటు నక్షకు తెలియదు. నేను కుర్చీలోంచి లేచి, ఆ మేకల బాట పట్టి పావు మైలు నడిచి ఉంటే నాకూ తెలిసేది. తడి ఇసుక మీద పిల్ల అడుగులు ఒక పూటైనా ఉంటాయి గదా.

అవి మేడారం జాతర రోజులు. స్టాఫంతా జాతర డ్యూటీలో ఉన్నారు. లంకకు మిగిలింది నేను, ఇద్దరు మస్కూరీ బంట్రోతులు. పడమటి ఒడ్డు పోలీసు స్టేషను వేరు. అక్కడికి మన కబురు పోనే లేదు. ఇవన్నీ మెమోకు జవాబులో రాశాను. నీకు రాస్తున్నది మాత్రం కుర్చీ సంగతి. అది జవాబులో రాయలేదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఆదెమ్మ నీ దగ్గరికి వచ్చిన రోజు నోటితో ఏమన్నది? నువ్వు అర్జీలో రాసింది కాదు. ఆమె అన్నది. జ్ఞాపకం చేసుకొని ఆమె మాటల్లోనే రాయి.

పగిడయ్య.


భద్రాచలం,
20 ఆగస్టు 2008.

పగిడయ్యా,

‘గారు’ తీసేశాను, గమనించు. తప్పు ఒప్పుకున్న మనిషిని బహువచనంలో తిట్టడం నాకు చేతకాదు.

ఇక్కడ గోదావరి పెరిగింది. రోజూ కరకట్ట మీదికి పోయి చూసి వస్తున్నాను. లంక వైపు పడవలు నిలిచిపోయాయట.

నీ నక్ష సంగతి చదివి నా అధ్యాయం తిరగరాయవలసి వచ్చింది. మొదట నిన్ను సోమరిగా చిత్రించాను. ఇప్పుడు సోమరి, మూర్ఖుడు కూడాను.

నీ ప్రశ్నకు జవాబు. నా జ్ఞాపకం మీద నీకు అనుమానం ఉంటే అది నీ దౌర్భాగ్యం. ఆమె ఉదయం ఎనిమిదింటికి స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. ఇంట్లో కోయ మాట్లాడే మనిషి, తెలుగు తడబడుతుంది. అన్నది ఇది: "మేకపిల్లను జాతరకని అమ్మినం సారూ. నల్లది, ఒక చెవి తెల్లది. నా బిడ్డ దానెంట ఏడ్సుకుంట ఒడ్డుకు పోయింది. నిన్న పొద్దుగాల పోయింది, మల్ల రాలే." గంటసేపు ఆ మేక గురించే చెప్పింది. దాన్ని పిల్ల పక్కలో పడుకోబెట్టుకునేదట. పేరు కూడా పెట్టుకుందట.

కలెక్టరు స్థాయి అధికారికి మేకల ముచ్చట్లు రాస్తారా? అర్జీకి ఒక పద్ధతి ఉంది. అనవసరమైనదంతా తీసి, భాష శుభ్రం చేసి, పన్నెండు పంక్తుల్లో ముగించాను. ఆమెను ఇంటికి తీసుకుపోయి రాస్తుంటే మా ఆవిడ శ్యామల కాఫీ తెచ్చిపెట్టి, "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయకూడదుటండీ?" అన్నది. అర్జీ అంటే వంటింటి కబుర్లు కాదన్నాను. చదివి వినిపించాక ఆదెమ్మ వేలిముద్ర వేసింది. ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నకలు పంపుతావా, లేదా?

వెంకటరామారావు.


జూలూరుపాడు,
1 సెప్టెంబరు 2008.

వెంకట్రామారావ్,

నకలు ఇందులో పెట్టాను. మూడో పంక్తి చదువు. ‘నా కుమార్తె నిన్నటి ఉదయము గోదావరీ తీరమునకు ఏగి, మరల ఇల్లు చేరలేదు.’

నీ చేతిరాతే. ఎంత బాగుంటుందో ఇప్పటికీ.

లంకవాళ్ళు ఊళ్ళోంచి కదలాలంటే రెండే దారులు. తూర్పున పడవ ఎక్కితే "రేవుకు పోయినం" అంటారు. పడమర ఇసుకలో నడిచి పోతే "ఒడ్డుకు పోయినం" అంటారు. వాళ్ళకు ఒడ్డు అంటే నీటి అంచు కాదు. పడమటి నేల, రోడ్డు, బస్సులు, సంత, ఇవన్నీ కలిపి ఒడ్డు. "మా అన్న ఒడ్డుకు పనికి పోయిండు" అంటారు. పిల్లను ఒడ్డున ఇచ్చామంటారు.

ఆదెమ్మ నీకు చెప్పింది, పిల్ల అవతలికి దాటిపోయిందని. నువ్వు రాసింది, నీటి దగ్గరికి పోయిందని. ‘తీరమునకు’ అన్న ముక్క చదివి నేను తీరాన కుర్చీ వేయించుకున్నాను. ఊళ్ళో అడిగితే అందరూ "ఒడ్డుకు పోయింది సారూ" అన్నారు. నేను జూలూరుపాడు మెట్టనేల మనిషిని. ఒడ్డూ తీరమూ ఒకటే అనుకున్నాను. అందరం ఒకే మాట అంటున్నామని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మూడు రోజులు.

ఇక మేక. జాతరకని మేకను కొన్నవాడు దాన్ని పడమటి రోడ్డు వెంట తోలుకుపోయాడు. అర్జీలో ఆ మేక ఒక్కటి ఉన్నా మొదటిరోజే ఆ రోడ్డు మీద అడిగేవాణ్ణి.

నాకు ఇదంతా ఆ ఏడు జూన్‌లో తెలిసింది, మెమో విచారణకు లంకకు పోయినప్పుడు. పడవ నడిపేవాడు నవ్వి, "ఒడ్డంటే గోదారి అంచనుకుంటిరా ఏంది?" అన్నాడు. ఆ రోజే నీ అర్జీ చూపించి ఉంటే బయటపడేవాణ్ణి. నీ దగ్గరికే బయలుదేరాను. మీ వాకిలి ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. శ్యామలమ్మ పోయిన రోజది. నకలు జేబులో పెట్టుకొని పాడె మోసి వచ్చాను. నువ్వు నన్ను చూసి ముఖం తిప్పుకున్నావు.

నన్ను మంచివాణ్ణి చేసి రాయకు. నేను కూడా పడమటి ఒడ్డున రెండు ఊళ్ళలో అడిగి, నాలుగు నెలలైపోయింది గదా అని వాపసు వచ్చాను. అవతల తండా దాకా పోలేదు. పిల్ల చనిపోయిందని ఒకసారి రాసిన చెయ్యి, నేను రాసింది తప్పు అని రాయడానికి రాలేదు. నీ అర్జీ దాచింది నీ కోసం సగమే. మిగతా సగం నా కోసం.

పగిడి.


భద్రాచలం,
19 అక్టోబరు 2008.

పగిడీ,

నీ ఉత్తరం వచ్చాక పది రోజులు నిఘంటువులు చూశాను. ఒడ్డు, తీరము, తటము, కూలము, గట్టు. ఒక్కదాంట్లోనూ లంకవాళ్ళ అర్థం లేదు. నిఘంటుకర్తల మీద కోపం తెచ్చుకుందామని చూశాను. కుదరలేదు. గేటు దగ్గర మనిషి నిలబడి గంటసేపు అర్థం చెప్పింది. నేను వినలేదు.

నీళ్ళు తగ్గాక పడవ ఎక్కి లంకకు పోయాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆదెమ్మ పెసర చేలో ఉంది. నకలు తీసి చదివి, ‘తీరమునకు ఏగి’ అంటే ఏమిటో తెలుసా అని అడిగాను.

"తెల్వదు సారూ. పెద్ద మాటలు రాసిండ్రు, పెద్ద సార్లకు పోయేది గదా అనుకున్న."

నేను రాసింది తప్పు అని చెప్పాను. ఒడ్డు అని రాయలేదు, మేక సంగతి రాయలేదు, అందుకే వాళ్ళు గోదావరిలో వెతికారు, అన్నాను. ఆమె కాయలు కోయడం ఆపలేదు. తర్వాత అన్న మాట రాస్తున్నాను. "మా ఆయన మేకను కొన్నోని ఎంట పోయి జాతరల ఎతుకుతుండె, మీరు నీళ్లల్ల ఎందుకు దేవుతుండ్రో నాకప్పుడు తెల్వలే. సదువుకున్నోళ్లు, నాకంటె ఎరికుంటదనుకున్న. నా బిడ్డ నీళ్లల్ల పడ్డట్టు నాకంటె ముందు మీకెట్ల ఎరికైందో అనుకున్న."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆమె భర్త గంగయ్య నన్ను మేకల బాట వెంట తీసుకుపోయాడు. పడమటి పాయలో ఇంకా మొలలోతు నీళ్ళున్నాయి. నా అరవై రెండేళ్ళ శరీరాన్ని చిన్న దోనెలో దాటించాడు. అవతల ఇసుక ఎక్కితే పది నిమిషాల్లో రోడ్డు. రోడ్డు పక్కనే నువ్వు పోని తండా.

అక్కడ రూప్లి అనే ఆమె జాతర నెలలో మాత్రం రోడ్డు మీద చాయ్ హోటల్ పెడుతుంది. జాతర అయిపోగానే మూసేసి మిరప కోతలకు పోతుంది. అందుకే తర్వాత అడిగినవాళ్ళకు దొరకలేదు. అడిగినవాళ్ళు మాత్రం ఎవరున్నారు? నేను ‘ఒక బాలిక’ అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, మేకపిల్ల కోసం ఏడుస్తూ వచ్చిన పిల్ల అన్నాను. ఆమె చాట కింద పెట్టింది.

"ఎందుకు యాదికి లేదు సారూ! చేతిల తాడుముక్క పట్టుకొని వచ్చింది. బన్ను ఇస్తె తినలే. ఏ ఊరే అంటె లంక, లంక అంటది. మాకేం తెలుసు, మేం గా దిబ్బను వెదుళ్ల అంటం. అప్పుడే జాతర నుంచి వాపసు పోయే లారీ ఆగింది. గోదావరి జిల్లాలోళ్లు. ‘మాదీ లంకేనండీ, మా వైపు పిల్లే, జాతరలో తప్పిపోయినట్టుంది’ అన్నరు. ముసలామె ఒళ్లె కూసోబెట్టుకుంది. మంచిగ ఇంటికి చేరింటదనుకున్న. చేరలేదా?"

పగిడీ, చేరలేదని చెప్పాను.

పిల్ల మునగలేదు. చీలమండ లోతు నీళ్ళు దాటి రోడ్డెక్కింది. ఊరి పేరు అడిగితే సరిగ్గానే చెప్పింది. ఆ పేరుతో దిగువన యాభైకి పైనే ఊళ్ళున్నాయి.

నీ అధ్యాయం పొయ్యిలో పెట్టాను. మిగతా మూడూ ఇంకా పెట్టలేదు. అంత మంచివాణ్ణి కాలేదు.

వెంకట్రామారావ్.


జూలూరుపాడు,
28 అక్టోబరు 2008.

వెంకట్రామారావ్,

ఉత్తరం గణేష్ చేత మూడుసార్లు చదివించుకున్నాను.

పొయ్యిలో పెట్టినవి చాలు. ఇప్పుడు రాయి. దిగువన లంక అన్న పేరున్న ప్రతి ఊరి బడికీ ఒక కార్డు. పిల్ల బతికుంటే పదమూడేళ్ళది, బడిలో ఉంటుంది. ఊళ్ళ పేర్లు, పిన్‌కోడ్లు నేను తీసి పంపుతాను. నక్షలు చదవడం వచ్చునని ఇప్పటికైనా రుజువు చేసుకోవాలి. కొత్త నక్షలే తీసుకుంటాను. పోలీసులకు గణేష్ చేత కాగితం పెట్టిస్తున్నాను. నా రిపోర్టు తప్పని సంతకం కూడా పెట్టాను.

కార్డు ఆదెమ్మకు చదివి వినిపించి పంపు. ఆమె మార్చమంటే మార్చు.

పగిడి.


భద్రాచలం,
8 ఫిబ్రవరి 2009.

ఒరేయ్ పగిడీ,

నువ్వు పంపిన జాబితా ప్రకారం అరవై మూడు కార్డులు నవంబరులోనే వేశాను. ఆదెమ్మ నా రాతను రెండుచోట్ల మార్పించింది. ‘అన్వేషించుచున్నాము’ అంటే "గదేంది?" అన్నది. ‘తల్లి ఎదురు చూస్తోంది’ అని పెట్టాను. ‘వనజ అను బాలిక’ అంటే, "వనజ అంటె సాలదా, బాలిక ఎవరు?" అన్నది. తీసేశాను. నా వాక్యాలు దిద్దించుకుని కోపం రాకపోవడం జీవితంలో ఇదే మొదలు.

తొమ్మిది బడుల నుంచి లేదని జవాబు వచ్చింది. ఎక్కువమంది రాయనే లేదు. నిన్న ఇది వచ్చింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

‘అయ్యా, నమస్కారం. నా పేరు సీతారావమ్మ, ఈ ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. మీ కార్డు చాలా రోజులు నా బల్ల మీదే ఉంది. ఎవరిని ఏమని అడగాలో తెలియలేదు. మొన్న ఏడో తరగతిలో దాన్ని కథలా చదివి వినిపించాను. ఎవరి వంకా చూడలేదు. బెల్లు కొట్టాక ఒక పిల్ల ఆగిపోయింది. రిజిస్టరులో ఆ పిల్ల పేరు వేరు. మా ఊరి ముసలి దంపతులు జాతర నుంచి తెచ్చారని, చుట్టుపక్కల లంకలన్నీ ఏడాదిపాటు తిప్పి చూపించారని, ఎవరూ మా పిల్ల అనలేదని అంటారు. ముసలాయన పోయాడు. ఆవిడ ఉంది. ఈ పిల్లే ఆవిడకు దిక్కు. అందుకని తొందరపడి ఏమీ చెప్పలేను. పిల్ల ఒక్కటే అడిగింది. "టీచర్, తెల్ల చెవి ఏ వైపుదో రాశారా?" మీ కార్డులో ఒక చెవి తెలుపని ఉంది, ఏ చెవో లేదు. మీకు తెలిస్తే రాయగలరు.’

ఈ ఉదయం మొదటి పడవకే లంకకు పోయాను. ఉత్తరం మొత్తం చదివాను. గంగయ్య పోయి వాకిట్లో మేకలు కట్టే గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆదెమ్మ అతని వెనకే వచ్చి నాకు ఆ గుంజను చూపించింది.

"దీన్ని ఈడ్నే కట్టేటోళ్లం సారూ, ఎగువకు మొఖం పెట్టి. తెల్ల చెవి గా దిక్కుది. నా బిడ్డకు గా వయసుల ఎడమ కుడి ఎరుక లేదు. ఒడ్డు చెవి అనేది. రేవు చెవి నల్లది, ఒడ్డు చెవి తెల్లది. గట్లనే రాయుండ్రి."

ఇంకొకటి కూడా అన్నది. "గా ముసలామెకు గూడ రాయుండ్రి. ఏడేండ్లు అన్నం పెట్టింది. నేను గుంజుకపోను, చూస్తనని రాయుండ్రి."

అక్కడే, ఆ గుంజ పక్కన కూర్చుని కార్డు రాశాను. ఒడ్డు చెవి అంటే ఎడమ చెవి అని పక్కన వివరం పెట్టబోయాను. చెయ్యి దానంతట అదే అటు పోయింది. లాక్కున్నాను. ఆ మాట ఎవరికి తెలియాలో వాళ్ళకు వివరం అక్కర్లేదు.

‘సీతారావమ్మ గారికి. ఆ పిల్లను ఏమీ అడగకుండా ఇది చదివి వినిపించండి. వాళ్ళమ్మ చెప్పింది: రేవు చెవి నల్లది, ఒడ్డు చెవి తెల్లది.’

చదివి వినిపించాను. ఆదెమ్మ తల ఊపింది. ఈసారి ఆమె వేలిముద్ర వేయలేదు. కార్డు నా చేతిలోంచి తీసుకుని, గంగయ్యను వెంటబెట్టుకుని, పోస్టులో తానే వేస్తానని మేకల బాట వెంట ఒడ్డుకు పోయింది.

నువ్వు బయలుదేరి రా. మోకాళ్ళ నొప్పులని సాకు చెప్పకు. జవాబు వచ్చేటప్పుడు ఇక్కడ ఒక్కణ్ణే ఉండలేను.

నీ,
వెంకట్రామారావ్.